కింది ఎడమ మూల

టామరాక్ బెండ్, మోంటానా
5 నవంబరు 2012, సోమవారం

ఒరేయ్ లైల్,

ఈ ఉత్తరం పెన్సిలుతో రాస్తున్నాను. లైబ్రరీలో ఉన్న తొమ్మిది కంప్యూటర్ల ముందూ మనుషులున్నారు. నా బల్ల మీద ఉన్న పదోదాని ముందు కూడా ఒకాయన కూర్చున్నాడు, నేను పుస్తకాల బండి మీద కాగితం పెట్టుకుని నిలబడి రాస్తున్నాను. నీకు ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా "అక్కా, మీటింగులో ఉన్నా" అంటావు. ఉత్తరాన్నైతే మధ్యలో పెట్టెయ్యలేవు కదా.

కలప కోతమిల్లు మూసేసి నెల అయింది. నూట నలభై మంది ఇంట్లో కూర్చున్నారు. నిరుద్యోగ భృతి రావాలంటే వారం వారం "ఈ వారం కూడా పని దొరకలేదు" అని కంప్యూటర్లో రాసి పంపాలి. కాగితం మీద రాసిస్తే తీసుకోరు. వాళ్ళ ఆఫీసు ఇక్కడికి తొంభై మైళ్ళు. ఫోను చేస్తే గంటసేపు పాట వినిపించి పెట్టేస్తారు. ఊళ్ళో సగం ఇళ్ళకి ఇంటర్నెట్టు లేదు. అందరికీ ఇక దిక్కు నేనే. ఇరవై రెండేళ్ళుగా ఈ లైబ్రరీని ఒక్కదాన్నే నడుపుతున్నాను కానీ, పొద్దున తొమ్మిదింటికి తలుపు తీసేసరికి మెట్ల మీద జనం బారులు తీరి ఉండడం ఇదే మొదటిసారి చూశాను.

సరిగ్గా ఇప్పుడే రాష్ట్రం వాళ్ళు దయతలచి, నా బల్ల మీదిదానితో సహా, అన్నీ కొత్త కంప్యూటర్లు పంపారు. వాటినిండా మీ కంపెనీ కొత్త సిస్టమ్.

ఆన్ చేస్తే రంగురంగుల పెట్టెలు. ఒక పెట్టెలో వాతావరణం, ఒక పెట్టెలో ఫుట్‌బాల్, ఇంకోదాన్లో ఎవరో వండుకున్న పాస్తా. ఉద్యోగం పోయినవాడికి పొద్దున్నే పాస్తా దేనికిరా? భృతి ఫారం తెరిస్తే తెర మొత్తం అదే పరుచుకుంటుంది. మూసే గుర్తు లేదు, గడియారం లేదు, వెనక్కి దారి లేదు. ఇన్నేళ్ళూ కింద ఎడమ మూలన ఒక బటన్ ఉండేది కదా, ఏమీ తోచకపోయినా జనం అక్కడికే పోయేవాళ్ళు. అది పీకేశారు. ఇప్పుడు ఆ ఖాళీ మూలకి బాణం గుర్తు తోసి కదలకుండా ఆగితే ఒక చిన్న బొమ్మ తొంగిచూస్తుందట. చెయ్యి ఒణికిందా, మాయం.

ఆర్లో బెక్‌స్ట్రాండ్ నీకు గుర్తుండే ఉంటాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు మిల్లులో పెద్ద రంపం మీద పనిచేశాడు. కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ తప్ప పూర్తి వేళ్ళు లేవు. ఇవాళ ఆ ఫారంలో ఇరుక్కుపోయాడు. మూలకి వెళ్తాడు, బొమ్మ వస్తుంది, నొక్కబోతే పోతుంది. పదిసార్లు చూశాను. చివరికి లేచి టోపీ పెట్టుకున్నాడు. "మిల్లు నన్ను పొమ్మంది, పోయాను. ఇప్పుడీ డబ్బా పొమ్మన్నా ఒప్పుకునేవాణ్ణే వెర్నా, ఇది పోనివ్వడం కూడా లేదు" అని వెళ్ళిపోయాడు.

ఇదంతా చేస్తున్నప్పుడు మీలో ఒక్కరికైనా మనిషి గుర్తొచ్చాడా?

కాళ్ళు లాగుతున్న నీ అక్క,
వెర్నా

సియాటిల్
11 నవంబరు 2012

అక్కా,

నీ ఉత్తరం చదివాను, రెండుసార్లు. కాస్త ఊపిరి పీల్చుకో.

నువ్వు చెప్పినవేవీ మాకు తెలియనివి కావు. జనం ఈ సిస్టమ్‌ని ఎలా వాడుతున్నారో అద్దం వెనక కూర్చుని చూడడమే కదా నా ఉద్యోగం. మొదటి కొన్ని రోజులు తికమక ఉంటుంది. రెండు వారాల్లో అలవాటైపోతుంది. పాతది ఎలా ఉండేదో మర్చిపోయావా? నెలకోసారి "లైల్, మళ్ళీ వైరస్ వచ్చింది, మళ్ళీ ఆగిపోయింది" అని నువ్వే ఫోను చేసేదానివి. ఆన్ చేసి కాఫీ పెట్టుకుని వచ్చినా ఇంకా గిర్రున తిరుగుతూనే ఉండేది. ఇది ఎనిమిది సెకన్లలో లేస్తుంది. పాతదానికంటే భద్రమైంది. వేలితో తాకినా పనిచేస్తుంది. ఇవన్నీ ఊరికే వచ్చినవి కావు.

మూలకి పోనక్కర్లేకుండా చిట్కా ఒకటుంది. కీబోర్డు మీద కింది వరసలో కిటికీ బొమ్మ ఉన్న మీట నొక్కితే చాలు, ఎక్కడున్నా మొదటి తెరకి వచ్చేస్తారు. మిగతా మీటలన్నీ రాసిన అట్టలు తొమ్మిది పంపుతున్నాను, ఒక్కో కంప్యూటర్ పక్కన ఒకటి పెట్టు. ఆర్లో గారిలాంటి పెద్దవాళ్ళకి మా శిక్షణ వీడియో చూపించు. పన్నెండు నిమిషాలే.

జనం ఎక్కడెక్కడ చిక్కుకుంటున్నారో రాసి పంపు. నిజంగా అడుగుతున్నాను, నాకు పనికొస్తుంది.

ప్రేమతో,
లైల్

టామరాక్ బెండ్
17 నవంబరు 2012

లైల్,

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది నా పని.

నీ అట్టలు అందాయి. కిటికీ బొమ్మ మీట కోసం తొమ్మిది కీబోర్డులూ తిరగేశాను. లేదు. రాష్ట్రం వాళ్ళు కంప్యూటర్లు కొత్తవి ఇచ్చారు కానీ, కీబోర్డులు బాగానే ఉన్నాయని పాతవే ఉంచారు. పాతికేళ్ళ నాటివి. వాటి మీద కిటికీ లేదు, తలుపూ లేదు. నీ అట్టల వెనక వైపు తెల్లగా ఉంది కాబట్టి పిల్లలు బొమ్మలు గీసుకుంటున్నారు.

వీడియో కూడా పెట్టాను. అది తెరంతా ఆక్రమించుకుంది. దాన్ని ఎలా మూయాలో అది చెప్పదు.

ఎక్కడ చిక్కుకుంటున్నారో రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఫారం నింపుతూ పాత జీతం రసీదు చూసుకుందామని ఇంకోటి తెరిస్తే మొదటిది కనబడదు. పోయిందనుకుని మళ్ళీ మొదట్నుంచీ నింపుతారు. ఒకావిడ నాలుగుసార్లు నింపింది, నాలుగూ లోపల ఎక్కడో అలాగే ఉన్నాయి. కంప్యూటర్ ఆపాలంటే ఎడమ మూల కాదట, కుడి మూలట. అక్కడ లేచే పట్టీలో 'సెట్టింగులు', అందులో 'పవర్', అందులో మళ్ళీ ఇంకోటి. ఇంట్లో దీపం ఆర్పడానికి ఎవడైనా మూడు గదులు దాటుతాడా? నేను సాయంత్రం పూట స్విచ్చి ఊడబెరికేస్తున్నాను. మీకు కోపం వస్తే రానీ.

అబద్ధం ఆడను, మంచి కూడా ఉంది. ఎనిమిది సెకన్ల మాట నిజమే. ఈ రెండు వారాల్లో ఒక్కటీ ఆగిపోలేదు. తొమ్మిదింటిలో ఒకటి వేలితో తాకేది. మేవిస్ ట్రెడ్‌వే అని మా చర్చిలో ఆవిడ, డెబ్భై ఎనిమిదేళ్ళు, జన్మలో కంప్యూటర్ ముట్టలేదు. దాని ముందు కూర్చుని పది నిమిషాల్లో మనవరాలి ఫొటోలన్నీ వేలితో తిప్పేసింది. "ఇంతేనా? దీనికా మీరంతా ఇన్నాళ్ళూ నన్ను భయపెట్టారు?" అంది. ఆవిడకి మర్చిపోవాల్సిందేమీ లేదు, అదీ సంగతి. మీ సిస్టమ్ ఏమీ తెలియనివాళ్ళకి చుట్టం, కాస్త తెలిసినవాళ్ళకి శత్రువు.

ఆర్లో మళ్ళీ రాలేదు.

వచ్చే గురువారం థాంక్స్‌గివింగ్ పండక్కి నువ్వు రావని తెలుసు. టర్కీ కోడి చిన్నదే కొంటున్నాను.

వెర్నా

సియాటిల్
26 నవంబరు 2012

అక్కా!

నీకో శుభవార్త. మొన్న మా పెద్ద మీటింగులో నీ ఉత్తరం చదివాను. మేవిస్ గారి సంగతి. గదిలో అరవై మంది, చప్పట్లు కొట్టారంటే నమ్ము. ఈ నెలంతా పత్రికలవాళ్ళ చేత తిట్లు తిని ఉన్నాం, మా వాళ్ళకి అది ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇప్పుడు దాన్ని పెద్దక్షరాలతో ఒక తెరమీద వేసి అన్ని జట్లకీ చూపిస్తున్నారు: "మోంటానాలోని ఓ మిల్లు ఊరి లైబ్రేరియన్ మాట: డెబ్భై ఎనిమిదేళ్ళ అవ్వ పది నిమిషాల్లో నేర్చుకుంది." నీ పేరు పెట్టలేదులే.

మేవిస్ గారి ఫొటో ఒకటి దొరుకుతుందా? వేలితో తాకుతున్నట్టు ఉంటే మరీ మంచిది.

ఆ మొదటి తెర మీద రెండేళ్ళు పనిచేశాను అక్కా. మన ఊళ్ళో ఒకరికి అది నచ్చిందంటే ఎలా ఉంటుందో నీకు చెప్పలేను.

కీబోర్డుల సంగతి మాత్రం మీ రాష్ట్రం వాళ్ళది. మాది కాదు.

లైల్

టామరాక్ బెండ్
1 డిసెంబరు 2012

లైల్,

ఫొటో లేదు. మేవిస్‌ని అడగను కూడా అడగను.

నా ఉత్తరంలో నాలుగు పేరాలు తిట్లు, ఒక పేరా మెప్పు. ఆ ఒక్క పేరా కత్తిరించుకుపోయి గోడకి అంటించుకున్నారు. మిగతా ఉత్తరం ఎక్కడ పెట్టావురా? అరవై మందిలో "మిగతాది చదువు" అన్నవాడు ఒక్కడూ లేడా? నువ్వూ అనలేదా?

సరే, ఇది కూడా చదివి వినిపించు. ఆర్లో మూడు వారాలు ఏమీ పంపలేదు. పంపకపోతే పని దొరికిందని లెక్కేనట, పోయిన శనివారంతో ఆయన భృతి మూసేశారు. ఆ సంగతి ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. రోజూ పొద్దున్నే "లైబ్రరీకి వెళ్తున్నా" అని బయలుదేరి, సామాన్ల కొట్టు వెనక పికప్ ట్రక్కులో మధ్యాహ్నం దాకా కూర్చుంటున్నాడట. ఇర్మా, ఆయన భార్య, నిన్న నా దగ్గరికొచ్చి "నీ దగ్గర ఇన్ని గంటలు ఏం చేస్తున్నాడు మా ఆయన?" అని అడిగింది. ఆయన నా దగ్గర లేడని చెప్పాల్సింది నేనే అయింది.

కౌంటీ ఆఫీసు నుంచి కంప్యూటర్ల అబ్బాయి వచ్చాడు. తెరల మూలల్లో నేను పసుప్పచ్చ కాగితంతో బాణాలు అంటించి "ఇక్కడ ఆగు, కదలకు" అని రాశాను. ప్రభుత్వ సామాను మీద జిగురు పూయకూడదని అన్నీ గీకేసి వెళ్ళాడు.

ఒక్కటే అడుగుతున్నాను. ఎవరురా ఆ బటన్ తీసేయమన్నది? పేరు చెప్పు. వాడికి నేనే రాసుకుంటాను. అది చెప్పలేకపోతే జవాబు రాయకు.

వెర్నా

సియాటిల్
4 డిసెంబరు 2012

అక్కా,

తెలిసే అడిగావని నాకు తెలుసు. అమ్మ కూడా ఇలాగే చేసేది. జాడీ పగలగొట్టింది నేనేనని తెలిసి కూడా "ఎవరు?" అని అందరి ముందూ అడిగేది.

సరే, విను. ఏడాదిన్నర కిందట ఇరవై మందిని పిలిపించి బటన్ లేని తెర ముందు కూర్చోబెట్టాం. పద్నాలుగు మంది బయటికి రాలేకపోయారు. ఒకావిడ, బడిలో నర్సు, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని "ఇక నేను ఇంటికెళ్ళొచ్చా?" అని అడిగింది. అదంతా రాసి నేనే నివేదిక ఇచ్చాను. మీటింగులో మా పెద్దాయన ఒక్క ప్రశ్నే వేశాడు: "జనం నేర్చుకుంటారా, నేర్చుకోరా?" అందరూ నా వైపు చూశారు. "నేర్చుకుంటారు. రెండు వారాలు చాలు" అన్నాను. ఆ సాయంత్రం బటన్ పోయింది.

అబద్ధం చెప్పలేదు. రెండోసారి వచ్చినవాళ్ళందరూ దారి కనుక్కున్నారు. నా కళ్ళతో చూశాను.

ఇంకొకటి కూడా విను. నాకు పన్నెండేళ్ళప్పుడు "ఈ ఊళ్ళో ఉంటే నువ్వూ మిల్లులో వేళ్ళు పోగొట్టుకుంటావు, చదువుకుని పో" అన్నది నువ్వు. పోయాను. ఇప్పుడు ప్రపంచంలో మరేదీ మారకూడదు, ఆ బటన్ పదిహేడేళ్ళ కిందట ఎక్కడుందో అక్కడే ఉండాలంటావు. పదేళ్ళు పోతే మౌస్ ఎవరూ పట్టుకోరక్కా. అందరూ అద్దం మీద వేలు పెట్టేవాళ్ళే. మేము ఇప్పుడు మారకపోతే మా కంపెనీకీ మీ మిల్లు గతే. నూట నలభై మంది కాదు, లక్షమందిమి. ఆ భయం నీకు కనబడదు, ఎందుకంటే మాకు చక్కటి కుర్చీలున్నాయి.

లైల్

టామరాక్ బెండ్
13 డిసెంబరు 2012

లైల్,

నాకు తెలియదు. ఒట్టు, నువ్వని నాకు తెలియదు. ఎవడో పెద్దవాడి పేరు చెబుతావనుకున్నాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంగా తిరిగాను. మూడో రోజుకి పని పడింది, కోపం పక్కన పెట్టాను.

ఇర్మా పోరితే ఆదివారం చర్చి అయ్యాక ఆర్లో వచ్చాడు. లైబ్రరీకి సెలవు, ఎవరూ చూడరు, వెనక తలుపు తీశాను. వేలితో తాకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఫారంలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. బొటనవేలూ చిటికెనవేలూ అద్దం మీద ఆనించి ఎడంగా జరపమన్నాను. జరిపాడు. అక్షరాలు ఇంతింతై పెరిగాయి. మళ్ళీ దగ్గరికి, మళ్ళీ దూరం. నాలుగైదు సార్లు అలాగే చేశాడు. "ఈ చెయ్యి సరిగ్గా సరిపోయిన పని ముప్ఫై ఏళ్ళలో ఇదొక్కటే" అన్నాడు. మౌస్ ఆయన చేతికి ఎప్పుడూ నరకమేనట, చూపుడువేలు లేదు కదా. ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పుకోలేదు. నీకిది రాస్తున్నానంటే కత్తిరించుకుపోయి గోడకి అంటించుకోమని కాదు.

ఎందుకంటే తర్వాత జరిగింది ఇది. మళ్ళీ విచారించమని అప్పీలు నింపాడు. కారణం రాసే చోట తాకగానే సగం తెర మీదికి కీబోర్డు బొమ్మ లేచింది. 'పంపు' అన్న బటన్ దాని కింద పడిపోయింది. కీబోర్డు దించుదామని పక్కన తాకితే మళ్ళీ పెట్టెలు, మళ్ళీ పాస్తా. ఆర్లో తిట్టిన తిట్లు ఆదివారం నాడు రాయకూడదు. గంటా పది నిమిషాలు పట్టింది. కారణం కింద ఆయన రాసింది ఒకే ఒక్క ముక్క: "బయటికి దారి దొరకలేదు."

జనవరి పదిహేనున ఫోనులో విచారణ. గడువు తప్పడం ఆయన నిర్లక్ష్యం కాదని రుజువు కావాలట. అమాయకంగా అడుగుతున్నాను, కోపంతో కాదు. ఇరవైలో పద్నాలుగు మంది బయటికి రాలేకపోయారని నువ్వే రాశావు. ఆ ముక్క ఆ అధికారికి రాసి సంతకం పెట్టి ఇస్తావా?

వెర్నా

సియాటిల్
18 డిసెంబరు 2012

అక్కా,

అది కుదరదు. ఆ అంకెలు బయటికి చెప్పనని ఉద్యోగంలో చేరినరోజే సంతకం పెట్టాను. నీకు రాసిందే తప్పు. దయచేసి ఆ ఉత్తరం ఎవరికీ చూపించకు.

ఉద్యోగం పోతుందన్నది ఒక్కటే కాదు. ఈ నెల మా జట్టులో ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడుతున్నారు. ఎవరివల్ల ఇలా అయిందని వెతుకుతున్నారు.

నేను చేయగలిగింది చేశాను. ఆర్లో గారికి క్రిస్మస్ కానుకగా మా కొత్త పలక కంప్యూటర్ పార్సెల్ చేశాను. వేలితో తాకేది, ఆయన చేతికి బాగుంటుందని నువ్వే అన్నావు కదా. ఇక ఇంట్లో కూర్చునే పంపుకోవచ్చు.

కోపం తెచ్చుకోకు.

లైల్

టామరాక్ బెండ్
22 డిసెంబరు 2012

లైల్,

ఆర్లో ఇంట్లో ఇంటర్నెట్టు లేదు. మొదటి ఉత్తరంలోనే రాశాను.

పార్సెల్ మూత తీయకుండా తిరిగి పంపాను. ఆయన కానుక అడగలేదు. తను సోమరి కాదని ఎవరైనా ఒకరు చెబితే చాలన్నాడు.

విచారణలో నేనే మాట్లాడతాను. నీ ఉత్తరం ఎవరికీ చూపించను. నువ్వు నిశ్చింతగా ఉండు.

వెర్నా

సియాటిల్
3 జనవరి 2013

అక్కా,

పండగ పది రోజులూ ఆఫీసులో ఎవరూ లేరు. నేనొక్కణ్ణే వెళ్ళి పాత కాగితాలు తీశాను. నాకు నేను సర్దిచెప్పుకోవడానికే తీశాను, నీ మీద గెలవడానికి.

రెండోసారి వచ్చినవాళ్ళందరూ నేర్చుకున్నారని రాశాను కదా. ఆ పద్నాలుగు మందిలో రెండోసారి వచ్చింది ఐదుగురు. మిగతా తొమ్మిది మందికీ ఫోన్లు చేశాం, రామన్నారు. ఎందుకు రారో మేము అడగలేదు. లెక్కలో వాళ్ళని వెయ్యలేదు. ఏడాదిన్నరగా ఆ కాగితం నా బల్ల సొరుగులోనే ఉంది. ఆ నర్సు పేరు ఎదుట నా చేతిరాతతోనే "అందుబాటులో లేరు" అని ఉంది. ఆవిడ ఫోను ఎత్తింది అక్కా. నాతో మాట్లాడింది. "ఇంకోసారి అలా కూర్చోలేను బాబూ" అంది.

ఆర్లో గారు కూడా అలా అందుబాటులో లేనివారే కదా.

దీంతో పాటు విచారణాధికారికి పంపిన ఉత్తరం నకలు పెట్టాను, నువ్వూ చదువు. అంకెలు లేవు. "నేను ఈ తెరని తయారుచేసినవాళ్ళలో ఒకణ్ణి. బయటికి దారి కనిపించేలా దీన్ని చెయ్యలేదు. కొత్తగా చూసినవాళ్ళు దారి కనుక్కోలేకపోవడం నిర్లక్ష్యం కాదు, అది జరుగుతుందని నాకు ముందే తెలుసు. త్వరగా నేర్చుకుంటారని మా పైవాళ్ళకి చెప్పింది నేను. నా అంచనా తప్పు." అంతే. కింద పూర్తి పేరు, సంతకం.

పోస్టు చేసేముందు మా పెద్దాయనకి చూపించాను. చాలాసేపు చదివాడు. "కంపెనీ కాగితం మీద మాత్రం రాయకు" అన్నాడు. నాకేమవుతుందో ఇంకా తెలియదు.

లైల్

టామరాక్ బెండ్
17 జనవరి 2013

నా తమ్ముడు లైల్‌కి,

మంగళవారం విచారణ జరిగింది. లైబ్రరీ వెనక గదిలో, పాత పత్రికల కట్టల మధ్య. ఫోను బల్ల మీద పెట్టి గట్టిగా వినిపించేలా చేశాను. ఒక పక్క ఆర్లో, ఇర్మా. ఇంకో పక్క నేను. ఆర్లో కోటు వేసుకుని వచ్చాడు, ఫోనులో ఎవరికి కనిపిస్తుందని ఇర్మా నవ్వింది.

అధికారిణి గొంతు మర్యాదగా ఉంది. నీ ఉత్తరం పైకి చదివింది, మొత్తం. "తప్పు" అన్న మాట దగ్గరికి వచ్చాక, "మా ఆఫీసులో కూడా సోమవారం నుంచి ఇదే పెట్టారు" అని నిట్టూర్చింది. తర్వాత ఏమీ తెలియనట్టు గొంతు సవరించుకుంది.

నేను నా ముక్క చెప్పాను. కీబోర్డులు, మూలలు, జిగురు, అన్నీ. రెండు నెలలుగా నీ మీద కక్కినదంతా వరసగా చెప్పాను. చాలా బాగా చెప్పాననుకున్నాను.

అప్పుడు ఆవిడ ఆర్లోని అడిగింది. "సార్, మొదటి రోజు కుదరలేదు, అర్థమైంది. మర్నాడు ఎందుకు వెళ్ళలేదు? లైబ్రేరియన్ గారు సాయం చేసేవారు కదా?"

ఆర్లో టోపీ చేతిలో తిప్పుకున్నాడు. "యంత్రాన్నైతే తిట్టుకుని మళ్ళీ వెళ్ళేవాణ్ణమ్మా" అన్నాడు. "ముప్ఫై ఏళ్ళు యంత్రాల్ని తిడుతూనే బతికాను. కానీ ఆ రోజు వెర్నా నా వెనక నిలబడి, 'చిన్నపిల్లలు నేర్చుకుంటున్నారు ఆర్లో, నువ్వు నేర్చుకోలేవా?' అంది. ఊరంతా అక్కడే ఉంది. ఆ తర్వాత కాళ్ళు అటు పడలేదు."

లైల్, నేను ఆ మాట అన్నాను.

నీకు రాసిన మొదటి ఉత్తరంలో ఆయన అన్నదంతా రాశాను, నేనన్నది రాయలేదు. దాచాలని కాదు. అన్నట్టే గుర్తులేదు. పన్నెండు మంది నిలబడి ఉన్నారు, నాకు విసుగొచ్చింది, నోటికొచ్చింది అనేసి పక్క కంప్యూటర్ దగ్గరికి పోయాను. ఆయన లేచి వెళ్తుంటే చూసి, మీ కంపెనీ పాపమే అనుకున్నాను. నువ్వు గదిలో పెద్దల ముందు అన్నదీ, నేను ఊరి ముందు అన్నదీ ఒకటే మాట. నువ్వు రాసి సంతకం పెట్టావు. నేను అది ఆయన నోట వినాల్సి వచ్చింది.

అధికారిణి నన్ను "ఇది నిజమేనా?" అని అడిగింది. నిజమేనన్నాను. ఆగిపోయిన వారాలన్నీ తిరిగి ఇవ్వమని రాస్తున్నాననీ, కాగితం పోస్టులో వస్తుందనీ చెప్పి ఆవిడ ఫోను పెట్టేసింది. ఇర్మా ఏడ్చింది. నేను ఆర్లోకి క్షమాపణ చెప్పుకున్నాను. మాటలు సరిగ్గా కుదరలేదు, అరవై ఏళ్ళు దగ్గర పడ్డాక ఆ అలవాటు తప్పిపోతుంది.

"సరేలే" అన్నాడాయన. "ఈ వారంది ఇంకా పంపలేదు. తాకేదాని ముందు మేవిస్ కూర్చుంది, లేవదు. ఆ పాడు మూల ఎక్కడో చూపించు."

అందరూ ఉండే ముందు గదిలోనే, నా బల్ల మీదిదాని ముందు కూర్చోబెట్టి, పక్కన కుర్చీ వేసుకున్నాను. బాణం గుర్తు కింది ఎడమ మూలకి తోశాడు. బొమ్మ వచ్చింది, పోయింది. మళ్ళీ తోశాడు. మళ్ళీ పోయింది. మూడోసారి కూడా. వెనక నలుగురు ఎదురుచూస్తున్నారు, ఒకాయన గడియారం చూసుకుంటున్నాడు. నా చెయ్యి మౌస్ మీదికి పోబోయింది, ఒళ్ళో పెట్టుకున్నాను. నాలుగోసారి ఆయన నొక్కేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

నీ అక్క,
వెర్నా